కోడిపిల్లలకు బలం మందులు: ఏది, ఎప్పుడు, ఎంత

పెట్ట పదిపన్నెండు పిల్లలతో గంప కింద నుంచి బయటికొస్తే చాలు, ఇంటికొచ్చినవాళ్లంతా తలా ఒక సీసా పేరు చెప్పిపోతారు. ఒకరు లివర్ టానిక్ అంటారు, ఒకరు కాల్షియం అంటారు, ఇంకొకరు ఏదో విటమిన్ పొడి అంటారు. నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర మెట్ట ఊళ్లో మా పెరట్లో నాటుకోళ్లు, వనరాజా అనే పెరటి జాతి కోళ్లు పెంచుతున్నాను. నేను పాటించే వరుస చెబుతాను. మేతలో ఏం తక్కువైందో ముందు చూడాలి. ఆ తక్కువను మన చుట్టూ దొరికేవాటితో పూడ్చాలి. అప్పటికీ మిగిలిపోయినదానికే సీసా మూత తీయాలి.

ముందు మేత లెక్క

మన ఇళ్లలో పిల్లలకు చల్లేది నూకలు. వరి పండే నెల్లూరులో నూకలకు కొదవ లేదు, అందుకే ఆ అలవాటు. కానీ నూకల్లో మాంసకృత్తులు వందకు ఎనిమిది పాళ్లే. మొదటి ఎనిమిది వారాలు పిల్లకు కావలసింది 20 పాళ్లు. పైగా పాలిష్ పట్టిన బియ్యంలో బి2 విటమిన్ చాలా తక్కువ. పెట్ట వెంట తిరిగే పిల్లలు పురుగో ఆకో ఏరుకుని ఆ లోటు కొంత తీర్చుకుంటాయి. గద్ద తన్నుకుపోతుందనో, కుక్కలు పడతాయనో మనం వాటిని జాలీలో మూసి నూకలు మాత్రమే వేస్తే, ఆ పురుగూ ఆ ఆకూ ఎక్కడి నుంచి వస్తాయి?

అందుకని మొదట మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి. మీ పిల్లలు బయట తిరుగుతున్నాయా, మూసి పెంచుతున్నారా? తినేది సంచి దాణానా, ఇంటి నూకలా?

సంచి మీద ‘చిక్ స్టార్టర్’ అని రాసి ఉన్న దాణా వేస్తుంటే విటమిన్లు, ఖనిజాలు అందులోనే కలిపి ఉంటాయి. మీ పని దాదాపు అయిపోయినట్టే. తయారీ తేదీ మాత్రం చూడండి. నిల్వ ఉన్నకొద్దీ విటమిన్లు చచ్చిపోతాయి, రెండు మూడు నెలలు దాటిన సంచి నేను తీసుకోను. మొదటి వారం పిల్ల రోజుకు పది గ్రాములకు అటూఇటూ తింటుంది, ఎనిమిది వారాలకు మొత్తం కిలోన్నర లెక్క వేసుకోండి. పది పిల్లలకు పదిహేను కిలోలు. యాభై కిలోల సంచి కొని ముక్కబెట్టుకునే బదులు నలుగురు కలిసి పంచుకోవడం మంచిది.

స్టార్టర్ దొరకకపోతే ఇంట్లోనే కలుపుకోవచ్చు. కిలో మేతకు నేను వేసే పాళ్లు ఇవి: నూకలు 600 గ్రాములు, సోయా చెక్క 220 గ్రాములు, ఉప్పు పట్టని ఎండుచేపల పొడి 80 గ్రాములు, తవుడు 100 గ్రాములు. మాంసకృత్తులు లెక్క కడితే 20 పాళ్లకు వస్తుంది. నూకల్లో సగం తీసేసి మొక్కజొన్న రవ్వో, విసిరిన సజ్జలో, కొర్రలో వేసినా పరవాలేదు. దీనికి పైన కోళ్ల కోసమే తయారుచేసిన మినరల్ మిక్చర్, విటమిన్ పొడి ప్యాకెట్టు మీద రాసినంత కలపాలి. సోయా గింజలు పచ్చివి విసిరి వేయకండి, అవి అరగకుండా అడ్డుపడతాయి. నూనె తీసిన చెక్కే వాడాలి. తవుడు తాజాగా ఉండాలి. నాలుగు రోజులు దాటితే మక్కిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే గేదెకు వేసేయండి.

గేదెల మినరల్ మిక్చర్ ఇంట్లో ఉంది కదా అని అదే ఒక గుప్పెడు వేసేస్తుంటారు. వద్దు. దాని పాళ్లు పాడి పశువు కోసం.

పెద్దకోళ్ల దాణా పిల్లలకు వేయకండి

ఇది నా మనసులో నుంచి పోని సంగతి. ఒక ఏడు స్టార్టర్ అయిపోయి అంగడికి వెళ్తే, ‘లేయర్ మాష్ ఉందమ్మా, అదీ దాణాయే, ఏదైనా ఒకటే’ అని కట్టిచ్చారు. నేనూ అడగలేదు. నాలుగు వారాల పిల్లలు పద్నాలుగు, బాగానే తిన్నాయి. మూడో వారానికి ఒక్కొక్కటీ రెక్కలు వాల్చి, నీళ్లు ఎక్కువ తాగుతూ, సున్నం కలిపినట్టు తెల్లటి రెట్ట వేస్తూ చిక్కిపోయాయి. చనిపోయినదాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే కోసి చూపించారు. గుండె మీద, కార్జం మీద సుద్దపొడి చల్లినట్టు తెల్లగా ఉంది. మూత్రపిండాలు ఉబ్బిపోయి ఉన్నాయి. తొమ్మిది పోయాయి.

లేయర్ మాష్ అంటే గుడ్లు పెట్టే కోడి దాణా. అందులో కాల్షియం వందకు మూడున్నర పాళ్లు ఉంటుంది. గుడ్డు పెంకుకు అంత కావాలి. పిల్లకు కావలసింది ఒక పాలు. మిగిలినదాన్ని బయటికి తోయలేక మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎముకలు గట్టిపడతాయని స్టార్టర్ తినే పిల్లలకు కాల్షియం సీసా పోసినా ఇదే జరుగుతుంది. మంచి దాణా తినే పిల్లకు విడిగా కాల్షియం అక్కర్లేదు. అది మొదటి గుడ్డు ముందు వచ్చే మాట, చివర్లో చెబుతాను.

మొదటి రోజు, మొదటి వారం

గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల కడుపులో పచ్చసొన మిగిలే ఉంటుంది. రెండు రోజుల వరకూ అదే దాని తిండి. అందుకే మేత కంటే నీళ్లు ముందు. హేచరీ నుంచి అట్టపెట్టెలో ప్రయాణం చేసి వచ్చిన పిల్లలైతే మరీను. లీటరు గోరువెచ్చటి నీళ్లకు రెండు మూడు చెంచాల బెల్లం పొడి కలిపి, ఒక్కో పిల్లను పట్టుకుని ముక్కు అంచును నీళ్లలో తాకించండి. ఒకటి తాగితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. బెల్లం నీళ్లు మొదటి పూటకే. రెండో రోజూ అవే పెడితే పారుడు పట్టుకుంటుంది.

నీళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసిందే. మీ నాలుకకు ఉప్పగా తగిలే నీళ్లు పిల్లకు పోయకండి, రెట్ట నీళ్లలా మారి లోపల నీరు చేరుతుంది. మీరు తాగే క్యాను నీళ్లే వాటికీ పోయండి. పది పిల్లలకు మొదటి వారం రోజుకు అరలీటరు కూడా పట్టదు.

రెండో రోజు నుంచి మూడు నుంచి ఐదు రోజులు విటమిన్ మందు నీళ్లలో ఇవ్వచ్చు. ఎ, డి3, ఇ, బి12 కలిసి ఉండేది ఒకటి, బి కాంప్లెక్స్ ఒకటి చాలు. ఇంతకంటే ఎక్కువ రకాలు కొనాల్సిన పని లేదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే కొలతలో. సీసాల మీద లెక్క వంద పిల్లలకు రాసి ఉంటుంది. వందకు ఐదు మిల్లీలీటర్లు అని ఉంటే మీ పది పిల్లలకు అర మిల్లీలీటరు. మూతతో కొలిస్తే పదింతలు పడిపోతుంది. మెడికల్ షాపులో సూది లేని చిన్న సిరంజి అడిగి తెచ్చుకోండి. అర మిల్లీలీటరును పిల్లలు మధ్యాహ్నంలోపు తాగేసేంత నీళ్లలోనే కలపండి. అవి తాగాక మామూలు నీళ్లు పెట్టండి. ఎండ తగిలే చోట పెడితే మందు పని చేయదు, సాయంత్రం మిగిలినది పారబోయాలి.

ఎ, డి విటమిన్లు ఒంట్లోనే నిలిచిపోతాయి. రోజూ పోస్తే మేలు చేసే మందే చెరుపు చేస్తుంది. అందుకే ఐదు రోజుల తర్వాత ఆపేయండి. డి3కి మన దగ్గర ఇంకో దారి ఉంది: పొద్దుటి ఎండ. వెచ్చగా ఉన్న రోజున ఏడు ఎనిమిది గంటల మధ్య పిల్లలను అరగంట ఎండలో వదలండి, పక్కన నీడ కూడా ఉండాలి. అద్దం కిటికీ వెనక నుంచి పడే ఎండ లెక్కలోకి రాదు.

వెచ్చదనం సరిపోకపోతే ఏ మందూ పనిచేయదు. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రండి. థర్మామీటరు లేకపోతే పిల్లలను చూడండి. బల్బు కింద కుప్పగా పడి అరుస్తుంటే చలి, గోడలకు అంటుకుని నోరు తెరిస్తే వేడి.

మన చుట్టూ దొరికే బలం

ఇందులో మొదటి స్థానం ఎండుచేపది. తుమ్మలపెంట, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో నెత్తళ్లు, కవళ్లు ఇసుక మీద ఆరబోస్తారు. ఉప్పు వేయకుండా ఎండబెట్టినవి అడిగి తీసుకోండి. సగానికి పైగా మాంసకృత్తులే, బియ్యంలో, చెక్కల్లో తక్కువగా ఉండే రకం మాంసకృత్తులు కూడా ఇందులో ఉంటాయి. తెచ్చిన వెంటనే ఒకటి విరిచి నాలుక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటే కోడిపిల్లకు పనికిరాదు. నానబెట్టి పిండితే పోతుందంటారు గానీ నేను నమ్మి వాడను, పిల్లకు ఉప్పు విషం. చప్పగా ఉంటే ఇసుక దులిపి, మళ్లీ ఒక పూట ఎండబెట్టి, రోట్లో దంచి జల్లెడ పట్టండి. ముళ్లు పొడిలో కలిసిపోవాలి. వందకు పది పాళ్లు మించకుండా వేయండి. రొయ్యపొట్టు కూడా ఇలాగే, చప్పటిదైతేనే.

రెండోది చెదలు. ఇది మా అత్తమ్మ నేర్పింది. పాత కుండలో చినిగిన గోనెపట్టా ముక్కలు, వరిగడ్డి, ఆవుపేడ కూరి, నీళ్లు చిలకరించి, పుట్ట దగ్గర చెదలు తిరిగే చోట బోర్లించి పెట్టాలి. ‘సాయంత్రం పెట్టి పొద్దున్నే తియ్యి అమ్మాయ్, ఎండెక్కితే లోపలికి పోతాయి’ అనేది. తెల్లారి కుండ ఎత్తి పిల్లల మధ్య దులిపితే చాలు. పది రోజుల పిల్లలు కూడా ఒక్కటి వదలకుండా పొడుచుకు తింటాయి. ఆ పక్కన ఇళ్లకు గానీ చేలకు గానీ చెదల మందు కొట్టారేమో కనుక్కోండి. మందు కొట్టిన చోటి చెద తింటే పిల్లలు గంటల్లో పోతాయి.

నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా అనే చిన్న మొక్క గురించి చాలా మాటలు వింటుంటాం. మంచిదే, నేనూ టార్పాలిన్ గుంటలో పెంచుతున్నాను. అయితే ఎండిన అజొల్లాలోనే మాంసకృత్తులు వందకు ఇరవైకి పైన. పచ్చి అజొల్లాలో తొంభై పాళ్లకు పైగా నీళ్లే. అంటే వంద గ్రాముల పచ్చి అజొల్లా పెడితే పిల్లకు దక్కేది ఒకటి, ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులే. ఎండుచేప బదులు ఇది పెడదామనుకుంటే పిల్లలు నీళ్లతో పొట్ట నింపుకుని చిక్కిపోతాయి. మూడు వారాలు దాటాక, పేడ వాసన పోయేలా రెండు మూడు నీళ్లలో కడిగి, వడకట్టి, మేత తిన్న తర్వాత పిల్లకు ఒక చిటికెడు చొప్పున పెట్టండి.

మునగాకు నీడలో ఆరబెట్టి, నలిపి, పొడి చేసి కిలో మేతకు 30 నుంచి 50 గ్రాముల వరకు కలపండి. ఎ విటమిన్ దండిగా ఉంటుంది. ఆ తర్వాత పచ్చసొన రంగులో కూడా తేడా కనిపిస్తుంది. కొత్తిమీర కాడలు, తోటకూర సన్నగా తరిగి వేసినా మంచిదే.

చుట్టూ ఉన్న ప్రతి ఆకూ పెట్టేయకండి. ప్రకాశం వైపు సుబాబుల్ తోటలు ఎటు చూసినా ఉంటాయి, మేకలు తింటున్నాయి కదా అని కొందరు కోళ్లకూ కొట్టి వేస్తారు. ఆ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంది, కోడికి అది పడదు, ఎదుగుదల ఆగిపోతుంది. పురుగులు పోతాయని పొగాకు నానబెట్టిన నీళ్లు తాగించే అలవాటు పాత ఊళ్లలో ఇంకా ఉంది. పొగాకులోది నికోటిన్, పిల్ల ప్రాణం తీయడానికి కొంచెం చాలు. నులిపురుగుల మందు ఎనిమిదో వారంలో డాక్టరునడిగి వేయించండి.

వేరుశనగ చెక్క మన మెట్టల్లో చవకగా దొరుకుతుంది. నేను పిల్లలకు వేయను. తడి తగిలిన కాయల్లో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది, అది చెక్కలోకీ వస్తుంది, కంటికి కనిపించదు, వేయించినా పోదు. కోడిపిల్ల కార్జాన్ని అది తినేస్తుంది. లివర్ టానిక్ పోసి కార్జాన్ని కాపాడదామనుకునే ముందు బూజు పట్టిన మేత ఆపండి.

ఇక ఇసుక. కోడికి పళ్లు లేవు, కందనకాయలో రాళ్లే నూరతాయి. పొడి దాణా మాత్రమే తింటే ఇసుక లేకపోయినా గడుస్తుంది. గింజ, ఆకు, పురుగు మొదలుపెట్టిన రోజు నుంచి మాత్రం తప్పనిసరి. పెన్న ఇసుకలో ఆవగింజంత, సజ్జగింజంత ఉండేది జల్లించి, కడిగి, ఆరబెట్టి విడిగా చిన్న మూకుడులో పెట్టండి. సముద్రపు ఇసుక ఉప్పుది, వద్దు. సముద్రపు గుల్లల పొడి దీనికి బదులు కాదు, అది కడుపులో కరిగిపోతుంది.

వేళ్లు ముడుచుకున్న పిల్ల

రెండో వారంలో ఒక పిల్ల వెనకబడి, మోకాళ్ల మీద కూర్చుని, రెక్కలు ఆనించి జరుగుతుంటే చేతిలోకి తీసుకుని పాదం చూడండి. వేళ్లు లోపలికి, పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉంటాయి. మీరు విప్పితే విచ్చుకుంటాయి, వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి. కళ్లు చురుగ్గానే ఉంటాయి, మేత నోటి దగ్గర పెడితే తింటుంది. ఇది బి2 లోటు. నూకల మీదే పెరిగిన పిల్లల్లో ఎక్కువగా చూస్తాం.

ఆ రోజే మొదలుపెట్టాలి. బి కాంప్లెక్స్ చుక్కలు రెండు మూడు, ఉదయం సాయంత్రం. ముక్కు పక్క అంచున ఒక చుక్క పెట్టి, అది నాలుక ఆడించి మింగేదాకా ఆగి, రెండోది పెట్టండి. నోరు తెరిచి లోపలికి పోస్తే నాలుక వెనకే ఊపిరి దారి ఉంటుంది, అందులోకి పోతుంది. మిగతా పిల్లలకు అదే మందు నీళ్లలో ఐదు రోజులు. దాంతోపాటు మేతలో ఎండుచేప పొడి, ఆకు చేర్చండి. ఉప్పు వేయని పల్చటి మజ్జిగ మట్టి మూకుడులో ఒక పూట పెట్టినా మంచిది, పాలల్లో బి2 ఉంటుంది. జింకు రేకు డబ్బాల్లో మజ్జిగ గానీ నిమ్మరసం గానీ పోయకండి, పులుపుకి రేకు కరుగుతుంది. తొందరగా పట్టుకుంటే రెండు మూడు రోజుల్లో వేళ్లు చాపుకుంటుంది. వారం దాటనిస్తే నరం పోయి అలాగే ఉండిపోతుంది.

ముక్కు రబ్బరులా వంగుతూ, కాళ్లు దొడ్డిగా వంకరపోతే అది డి3, ఖనిజాల లోటు. తల వీపు మీదికి విరుచుకుపోతే బి1 లోటు కావచ్చు, కానీ మెడ తిరగడం కొక్కెర తెగులులో (రాణిఖెత్ జబ్బు) కూడా ఉంటుంది. ఆరు వారాలు దాటిన కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడిపోతే మారెక్స్ అనే జబ్బు. ఈ రెంటికీ విటమిన్ పనికిరాదు. ఒకటి కాదు, రెండు మూడు ఒకేసారి పోతే సీసా పక్కన పెట్టి పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా పశువుల ఆసుపత్రికి వెళ్లండి. 2024 ఫిబ్రవరిలో మన పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. చనిపోయినవాటిని వట్టి చేతుల్తో తాకకండి, కాలువలో వేయకండి.

టీకాలు, ఎండలు, వానలు

ఐదు నుంచి ఏడు రోజుల్లో కొక్కెర తెగులు టీకా చుక్కలు, పద్నాలుగో రోజున గంబోరో అనే జబ్బుకు టీకా. టీకా ముందు రోజు, ఆ రోజు, మరుసటి రోజు విటమిన్ నీళ్లు ఇస్తే పిల్ల తట్టుకుంటుంది. టీకానే నీళ్లలో ఇస్తుంటే ఆ నీళ్లలో ఇంకేమీ కలపకూడదు, క్లోరిన్ వేసిన నీళ్లూ వాడకూడదు. వెన్న తీసిన పాలపొడి లీటరుకు ఐదు గ్రాములు మాత్రం వేయచ్చు, అది టీకాను కాపాడుతుంది.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు మన ఎండలకు పిల్లలు నోరు తెరిచి రెక్కలు దూరంగా పెట్టి రొప్పుతాయి. పది గంటల నుంచి నాలుగు గంటల దాకా ఎలక్ట్రోలైట్ నీళ్లు, సాయంత్రం నుంచి మామూలు నీళ్లు. కోళ్ల ఎలక్ట్రోలైట్ లేకపోతే మనుషుల ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరుకు బదులు రెండు లీటర్లలో కలుపుతాను. కోడి సి విటమిన్‌ను తనే తయారుచేసుకుంటుంది, కానీ వడగాలుల్లో అది చాలదు. పొదలకూరు నిమ్మకాయలు ఇంట్లోనే ఉంటాయి కాబట్టి లీటరు నీళ్లకు అర చెక్క పిండి మట్టిపాత్రలో పెడతాను. మేత తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి. మిట్టమధ్యాహ్నం తిన్న మేత ఒంట్లో వేడి పెంచుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు. పిల్లల కింద పరిచిన ఊక తడిసి రక్తపారుడు వస్తుంది. అప్పుడు డాక్టరు ఆంప్రోలియం అనే మందు రాస్తే ఆ ఐదారు రోజులు బి కాంప్లెక్స్ ఆపేయండి. ఆ మందు బి1 విటమిన్‌లా నటించి క్రిమిని మోసం చేస్తుంది, మనం అసలు బి1 పోస్తే మందు పని చెడుతుంది. కోర్సు అయ్యాక మళ్లీ విటమిన్లు ఇవ్వండి, రక్తం పోయినప్పుడు కె విటమిన్ ఉన్నది మంచిది.

ఎనిమిది వారాల తర్వాత

ఇక పిల్లలు బయట తిరిగి సగం మేత తామే తెచ్చుకుంటాయి. మాంసకృత్తులు 16 పాళ్లు చాలు, ఎండుచేప సగానికి తగ్గించండి. తిరిగొచ్చిన సాయంత్రం ఒక్కోదాన్ని పట్టుకుని మెడ కింద మేత సంచిని వేళ్లతో నొక్కి చూడండి. నిమ్మకాయంత ఉండి మెత్తగా తగిలితే కడుపు నిండింది. చదునుగా ఉన్నదాన్ని విడిగా ఉంచి గుప్పెడు మేత వేయండి. రోజూ చివరికి మిగిలేది ఒకే పిల్ల అయితే దాన్ని తరిమేది ఏదో కనిపెట్టాలి.

నాటు పెట్టకు ఐదారు నెలలకు జుట్టు ఎర్రబడుతుంది, వంగి కూర్చోవడం మొదలుపెడుతుంది. కాల్షియం గురించి ఇప్పుడు ఆలోచించండి. గుల్లను పెసరగింజంత ముక్కలుగా కొట్టి మేతలో కలపకుండా మూలన వేరే మూకుడులో ఉంచండి. గుడ్డు పెట్టేది వచ్చి తనకు కావలసినంత తింటుంది, పుంజులూ చిన్నపిల్లలూ దాని జోలికి పోవు.